మూత తీయని కెమెరా

పొద్దున్నే మా వదినగారి అమ్మాయి ఒక కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టింది. వదినగారంటే మా ఆవిడ అక్కగారు. ఆ వదినగారు పోయి ఏడాదైంది. ఈ పిల్ల బెంగుళూరులో కెమెరాలు తయారుచేసే ఏదో చిన్న కంపెనీలో ఇంజనీరు. పాతకాలపు రేంజ్‌ఫైండర్ కెమెరాని ఈ డిజిటల్ రోజులకి తగ్గట్టు మొదటినుంచీ మళ్ళీ ఆలోచించి చేస్తున్నారట. వెనక స్క్రీను లేదు. తీసిన ఫోటో ఇంటికెళ్ళాక చూసుకోవాల్సిందే. రాజమండ్రిలో ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపి కళ్ళూ మోకాళ్ళూ అరగదీసుకున్నవాణ్ణి కదా, నా అభిప్రాయం కావాలంది. నాకిప్పుడు కాఫీలో పంచదార మీద తప్ప దేనిమీదా అభిప్రాయాల్లేవు. అయినా పిల్ల అంత దూరం నుంచి మోసుకొచ్చింది కదాని కన్ను ఆనించి చూశాను. అంతా చీకటి.

"ఇదేంటమ్మా, అప్పుడే పాడైపోయిందా?"

"మూత తీయలేదు బాబాయ్," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే పాత రేంజ్‌ఫైండర్‌లో మూత ఉన్నా చీకటి పడదు. అందులో చూసేది లెన్సులోంచి కాదు, పైన ఓ మూలనున్న చిన్న కిటికీలోంచి. ఆ కిటికీ నడుమ ఎదుటి మనిషి రెండు బొమ్మలుగా కనిపిస్తాడు. రింగు తిప్పుతూ ఆ రెంటినీ ఒకదానిమీదికొకటి తెచ్చి, కుదరగానే నొక్కాలి. లెన్సుకి మూత పెట్టి ఉన్నా సరే, కిటికీలో లోకం కళకళలాడుతూనే ఉంటుంది. నా దగ్గర అలాంటిదొకటి ఉండేది. ఊరంతా ఫోన్లతో ఫోటోలు తీసుకుంటున్న రోజుల్లో కూడా దాన్ని మెళ్ళో వేసుకు తిరిగేవాణ్ణి. నాకంటే దాన్నే బాగా చూసుకుంటారని మా ఆవిడ దెప్పేది. నిజమే పాపం.

పోలవరం డ్యాం నీళ్ళలో వదినగారి ఊరు మునుగుతుందని ఖాయమయ్యాక, అక్కడివాళ్ళు ద్వారబంధాలు ఊడదీసి వెంట తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. తన గుమ్మం ఊడకముందు ఒక్క ఫోటో కావాలంది ఆవిడ. జన్మలో నన్ను ఇంకేమీ అడగలేదు. నేను పట్టిసీమ దగ్గర లాంచీ ఎక్కి, నది మధ్యలో గుడికి రెండు ఫోటోలు తీసి, నది నీళ్ళ తుంపర్లు పడుతున్నాయని లెన్సుకి మూత పెట్టాను. వెళ్ళేసరికి ఆవిడ గడపకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వాకిట్లో ముగ్గేసి, పట్టుచీర కట్టుకుని నిలబడి ఉంది. వడ్రంగి గునపంతో పక్కనే తయారు. పక్కింటాయన ఫోను పైకెత్తితే, "నేనుండగా అవెందుకండీ, లోపల పెట్టండి," అన్నాను. నా నోరు పడిపోను! రెండు బొమ్మలూ ఒకటయ్యేదాకా తీరిగ్గా రింగు తిప్పి మూడుసార్లు నొక్కాను. ఆవిడ ఏదో అనబోయి ఆగినట్టనిపించింది. ఎండకి కాబోలనుకున్నాను. వడ్రంగి పని మొదలుపెట్టాడు.

ఫిల్ము కడిగించాను. గుడి బ్రహ్మాండంగా వచ్చింది. ఫిల్ములో ఆ తర్వాతి మూడు గళ్ళూ ఖాళీ.

"ల్యాబువాళ్ళు పాడుచేశారండీ వదినగారూ," అని అబద్ధమాడాను. "పోనీలెండి మరిదిగారూ, మీరు మాత్రం ఏం చేస్తారు," అని కాఫీ ఇచ్చింది. నిర్వాసితుల కాలనీలో కొత్తింటి గుమ్మానికి ఆ పాత ద్వారబంధం పట్టలేదు. పెరట్లో గోడకి ఆనించి ఉంచారు. దాన్ని చూడలేక ఆ ఇంటికి వెళ్ళడమే తగ్గించేశాను. ఓసారి మోకాళ్ళు, ఓసారి ఎండ, ఓసారి వాన. ఆవిడ పోయినరోజున కూడా పెరటివైపు వెళ్ళలేదు.

"మూత ఉంటే కిటికీ నల్లబడాలన్నది ఎవరి ఆలోచనమ్మా?" అని అడిగాను.

"అమ్మదే బాబాయ్. ఇలాంటి కెమెరా చేస్తున్నామంటే, మూతుంటే తీసేవాళ్ళకి తెలిసేలా చెయ్యవే అంది. ఆ రోజు గడపలో నిలబడి మీ కెమెరా మూత చూసిందట. అంతమందిలో చెబితే మీరు చిన్నబుచ్చుకుంటారని ఊరుకుందట."

"తర్వాతైనా నాతో అనలేదే!"

"మీరు ల్యాబువాళ్ళన్నారు కదా. ఇంకేమంటుంది?"

మూత తీయండి మరిదిగారూ అని ఆవిడ ఒక్క మాట అంటే సరిపోయేది. తప్పు నాదేనండీ అని నేనొక్క మాట అన్నా సరిపోయేది. మా మర్యాదలు తగలెయ్య!  మూత తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చూశాను. మా గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి రెండుగా కనిపించింది. రింగు తిప్పితే రెండు బొమ్మలూ మెల్లిగా ఒకటయ్యాయి. గుమ్మం ఊడదీసిన ఆ ఉదయం కూడా ఇన్నేళ్ళూ ఆవిడ దగ్గరొకటి, నా దగ్గరొకటిగా ఉండిపోయింది. ఆ రెండూ కలవడానికి ఇంతకాలం పట్టింది. కలిసేసరికి గడపలో ఆవిడ లేదు.