అలాగే మాస్టారి ఓడ

అలాగే మాస్టారు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. చెయ్యలేదంటే, ఒప్పుకోలేదు. ఆయన చేతిలో ఏది వంకర పోయినా, ఏది తలకిందులైనా, తల కాస్త ఎడమ పక్కకి వంచి, దాన్ని ఒకసారి ఎగాదిగా చూసి, "అలాగే ఉండాలి" అనేవారు. ఆ మాట పడిందంటే ఇక దాని మీద అప్పీలు లేదు. ఆయన అసలు పేరు పోస్ట్‌మ్యాన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ముప్పై ఏడేళ్లు బట్టలు కుట్టిన మనిషి. ఒకసారి బ్యాంకు గుమస్తాగారు కొత్త చొక్కా తొడుక్కుని షాపుకి పరుగెత్తుకొచ్చారు.

"మాస్టారూ, ఎడమ చెయ్యి రెండంగుళాలు పొట్టిగా ఉందండీ!"

"గడియారం ఏ చేతికి పెట్టుకుంటారు?"

"ఎడమ చేతికే."

"మరి టైము కనపడొద్దూ? అలాగే ఉండాలి."

గుమస్తాగారు ఆ చొక్కా మూడేళ్లు తొడిగారు. ఇంకోసారి మాస్టారు స్నేహితుడింటి నుంచి ఒక కాలికి నల్లచెప్పు, ఒక కాలికి గోధుమరంగు చెప్పు వేసుకుని వచ్చేశారు. భార్య లబోదిబోమంది. మాస్టారు పాదాల వంక చూసుకుని, "అలాగే ఉండాలి. ఏది కుడో ఏది ఎడమో చీకట్లో కూడా తెలుస్తుంది" అన్నారు. రంగులు చీకట్లో ఎలా తెలుస్తాయని అడిగేంత ఓపిక ఆవిడకి అప్పటికే అయిపోయింది.

ఇలాంటి ఇంట్లోకి కొత్తకోడలు వచ్చి రెండు నెలలైంది. ఆ పిల్ల తండ్రి బల్బుల ఫ్యాక్టరీలో తనిఖీ అధికారి. పొద్దస్తమానం బల్బులు వెలిగించి చూసి, పనికిరానివి పక్కకి తీసిపారెయ్యడం ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ అదే పద్ధతి. గ్లాసు అంచు పెచ్చు లేచినా సరే, "ఎవరు చేశారిది?" అనేవారు. చేసినవాళ్లు బయటపడేదాకా ఎవరికీ అన్నం సయించేది కాదు. అందుకే ఆ అమ్మాయి గుమ్మం దాటినా సారీ చెప్పేది, గుమ్మంలో నిలబడినా సారీ చెప్పేది.

అత్తారింటికి వచ్చిన మొదటి వారమే మామగారి తెల్లచొక్కాని ఎర్ర దుప్పటితో కలిపి నానబెట్టేసింది. చొక్కా గులాబీరంగులో తేలింది. "సారీ మామయ్యా" అని ఏడుపు ముఖంతో చూపించింది. మాస్టారు తల ఎడమ పక్కకి వంచారు. "అలాగే ఉండాలి" అని తొడుక్కుని బజారుకి వెళ్లిపోయారు. పాపం పెద్దాయనకి మతి సరిగా లేదు కాబోలు అనుకుంది కోడలు.

ఆ అనుమానం ఓడ వచ్చాక ఖాయమైపోయింది.

మోకాళ్లు మొరాయించి మాస్టారు షాపు మూసేశాక, ఊరికే కూర్చుంటే మనిషి కుంగిపోతాడని కొడుకు ఒక పెట్టె తెచ్చిపెట్టాడు. మూత మీద మూడు స్తంభాల తెరచాప ఓడ బొమ్మ. లోపల వందల కొద్దీ చెక్కముక్కలు, వాటిని ఎలా అతికించాలో చూపించే పటాల పుస్తకం ఒకటి. పెట్టె మూలన 'మొదటిసారి చేసేవారికి తగదు' అని ఉంది.

"నాన్నా, ఇది నేను చూసుకోలేదు. మార్చి తెస్తాలే."

"ఎందుకు మార్చడం? నాది మొదటిసారి కాదుగా. ఇన్నాళ్లూ గుడ్డతో చేశాను, ఇప్పుడు చెక్కతో చేస్తాను. అంతేగా తేడా!"

తేడా మొదటి రోజే తెలిసింది. ఓడ వెన్నెముకకి పక్కటెముకల్లా అతికించాల్సిన చెక్కలు పన్నెండు. ఒక్కోదాని మీద నెంబరుంది. మాస్టారు పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకోవడం వల్ల ఒకటి ఉండాల్సిన చోట పన్నెండు, పన్నెండు ఉండాల్సిన చోట ఒకటి అతుక్కున్నాయి. ఓడ ముందువైపు లావుగా, వెనక సన్నగా తయారైంది. కోడలు బొమ్మనీ ఓడనీ మార్చి మార్చి చూసి కళ్లు తేలేసింది.

"మామయ్యా, ముందు వైపు..."

"అలాగే ఉండాలి. మనుషులకి మాత్రం పొట్ట ముందు లేదూ?"

తర్వాత ఆ ఎముకల మీద సన్నటి బద్దలు వంచి అతికించాలి. ఆ బద్దలు తడిపితేగాని వంగవు. అత్తగారు స్నానానికి వెళ్లి కెవ్వున కేక పెట్టింది. బకెట్టు నిండా చెక్కలు! అవి నానాక మాస్టారు ఇస్త్రీపెట్టె పెట్టి వాటిని ప్యాంటు మడతల్లా వంచారు. జిగురు ఆరేదాకా పట్టి ఉంచడానికి ఇంట్లోని బట్టల క్లిప్పులన్నీ ఓడకి పెట్టేశారు. డాబా మీద ఆరేసిన బట్టలు గాలికి లేచి నాలుగిళ్ల అవతల వాలాయి. కుడి పక్కన ఒక బద్ద, ఎడమ పక్కన ఒక బద్ద అంటూ వంతులవారీగా వెయ్యమని పుస్తకంలో బాణాలు గీసి మరీ చూపించారు. మాస్టారు ఒక పక్క మొత్తం పూర్తిచేసి రెండోపక్క మొదలుపెట్టారు. ఓడ అరటిపండులా వంగి ఎడమకి వాలిపోయింది.

"గాలి కుడి నుంచి వస్తోంది. అలాగే ఉండాలి" అన్నారు.

అన్నిటికన్నా ఎక్కువగా కోడలి పైప్రాణాలు పైనే పోయింది జిగురు రోజున. భోజనానికి పిలవడానికి వెళితే మాస్టారు కుర్చీలో ప్రశాంతంగా కూర్చున్నారు. కుడిచేతి రెండు వేళ్లు ఓడకి అతుక్కుపోయి ఉన్నాయి. ఓడని చంకలో పెట్టుకుని వచ్చి, ఎడమచేత్తో చెంచా పట్టుకుని భోంచేశారు.

"ఏమండీ, అదేం అవతారం!" అంది అత్తగారు.

"అలాగే ఉండాలి. ఆరేదాకా కదపకూడదని పుస్తకంలోనే రాశారు."

చివరికి తాళ్ల వంతు వచ్చింది. స్తంభాలు నిలబడాలన్నా, తెరచాపలు నిలవాలన్నా దారాలు కట్టాలి, వందల ముళ్లు వెయ్యాలి. పుస్తకం ఆ పేజీకి వచ్చేసరికి ఎలాంటివాళ్లయినా ఓడని అటకెక్కించేస్తారట. మాస్టారు పుస్తకం మూసేసి అవతల పెట్టారు. దారానికి మైనం పట్టించారు. సూది అందుకున్నారు. ఆ తర్వాత మూడు వారాలు ఆయన నోట 'అలాగే ఉండాలి' అన్న మాట వినపడలేదు. కోడలికి అనుమానమొచ్చి తొంగిచూసింది. వంకర ఓడ మీద దారాలు గీత గీసినట్టు నిలిచాయి. ఒక్కటి వదులు లేదు, ఒక్క ముడి పెద్దది కాదు. తప్పు పట్టడానికి ఏమీ దొరక్కపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి కావడంతో ఆ అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది.

"చూశావా అమ్మాయ్" అన్నారు మాస్టారు మెల్లగా, దారం మీద వేలు నిమురుతూ.

ఆదివారం గ్రంథాలయం హాల్లో చేతిపనుల ప్రదర్శన. ఓడ పేరు అక్కడ నమోదైపోయింది. పాత కస్టమర్లందరికీ మాస్టారు ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చారు. శనివారం పొద్దున కోడలు, ఓడ మీద దుమ్ము ఉండకూడదని మెత్తటి గుడ్డ పట్టుకుని వెళ్లింది. గుడ్డ అంచు పోగొకటి నడిమి స్తంభం కొసకి చిక్కుకుంది. ఆ అమ్మాయి చూసుకోకుండా వెనక్కి తిరిగింది.

టక్.

స్తంభం నడిమికి విరిగి, పైముక్క దారాల మీద వేలాడుతోంది. పారిపోదామంటే కాళ్లు కదల్లేదు. గాలికి విరిగిందని చెబుదామంటే కిటికీ మూసి ఉంది. అప్పుడే మాస్టారు లోపలికి వచ్చారు.

"నేనే మామయ్యా. నా చెయ్యే తగిలింది. సారీ... సారీ."

మాస్టారు తల ఎడమ పక్కకి వంచారు. చూశారు. తర్వాత కుడి పక్కకి వంచారు. అలా వంచడం ఎవరూ ఎప్పుడూ చూసి ఎరగరు.

"అలాగే..." అన్నారు. చాలాసేపు ఆగి, "ఉండాలి" అన్నారు.

అట్టముక్క మీద 'తుఫానులో చిక్కిన ఓడ' అని రాసి ఓడ ముందు పెట్టారు. తన గదిలోకి వెళ్లి కుట్టుమిషను ముందు కూర్చున్నారు. మిషను చప్పుడు మొదలైంది. కోడలు తలుపు సందులోంచి చూసింది. సూది కింద గుడ్డ లేదు. ఉత్తినే తొక్కుతున్నారు.

"షాపు మూసిన రోజు కూడా ఇలాగే తొక్కారు" అంది అత్తగారు వెనక నుంచి. కోడలు వంటింట్లోకి వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. న్యాయనిర్ణేతగా వచ్చినాయన రేవులో నలభై ఏళ్లు ఓడలు బాగుచేసిన వడ్రంగి మేస్త్రి. ఓడని చూస్తూనే ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"ఇదేంటండీ, చుక్కాని ముందు పెట్టారు?"

"ముందు చూసుకుని వెళ్లొద్దూ? అలాగే ఉండాలి."

"ఈ లంగరు... చొక్కా గుండీ కదూ?"

"నాలుగు చిల్లులది. గట్టిది. అలాగే ఉండాలి."

జనం పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. మేస్త్రి మాత్రం నవ్వలేదు. విరిగిన స్తంభం దగ్గరికి వంగారు.

"ఇది తుఫాను పని కాదు. ఎవరి చెయ్యో తగిలింది. ఎవరు చేశారిది?"

పుట్టింట్లో వదిలేసి వచ్చానని కోడలు అనుకున్న మాట ఇక్కడిదాకా వచ్చి నిలబడింది. చుట్టూ అత్తగారు, భర్త, వీధిలోవాళ్లు. నేనే అని చెప్పడానికి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"నేనేనండీ" అన్నారు మాస్టారు. "తప్పు నాదే."

అత్తగారి చేతిలోంచి సంచీ దబ్బున కిందపడింది. కొడుకు, "అమ్మా, నాన్న ఇప్పుడేమన్నారు?" అన్నాడు పాలిపోయిన ముఖంతో. బ్యాంకు గుమస్తాగారైతే జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చారు.

"మాస్టారూ! ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నానండీ ఈ మాట కోసం! అయితే ఆ నా చొక్కా చెయ్యి కూడా..."

"అది అలాగే ఉండాలి" అన్నారు మాస్టారు.

మేస్త్రి ఇవేవీ వినడం లేదు. వేలాడుతున్న స్తంభం ముక్కని వేలితో కిందికి నొక్కి చూస్తున్నారు. అది ఊగిందే కాని పడలేదు.

"స్తంభం విరిగినా ముడి ఒక్కటీ జారలేదు! ఎవరు వేశారివి?"

"అవీ నేనే" అన్నారు మాస్టారు, ఈసారి గొంతు తగ్గించి.

"ఇది విరక్కపోతే ఈ ముళ్ల సంగతి నాకు తెలిసేదే కాదు. ఒకసారి మా రేవుకి రండి. మా కుర్రాళ్లకి నేర్పిద్దురుగాని."

బహుమతి ఎవరో అగ్గిపుల్లలతో కట్టిన గడియార స్తంభం బొమ్మకి వెళ్లింది. మాస్టారికి ఆ సంగతే పట్టలేదు. ఓడని ఎత్తుకుని, కుంటుకుంటూనే అందరికన్నా ముందు నడిచారు.

వెనకాల కోడలు కళ్లు తుడుచుకుంటూ, "అత్తయ్యా, మామయ్య నా కోసం అబద్ధం చెప్పారు" అంది.

"నీ ఒక్కదాని కోసమేనా? పెళ్లైన కొత్తలో ఎవరిదో పెళ్లికోటు వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో మాడ్చేశాను. చూసి, అలాగే ఉండాలన్నారు. రెండ్రోజులు కూర్చుని వేరే గుడ్డతో వీపంతా కొత్తగా కుట్టారు. పెళ్లికొడుకు వచ్చి రంగు మారిందేంటని అడిగితే, 'వెనక అలాగే ఉండాలి' అన్నారు. నేను చేశానని అతనికి ఇప్పటికీ తెలీదు. తప్పు ఒప్పుకోలేని పొగరనుకుని చాన్నాళ్లు తిట్టుకున్నానే ఈయన్ని. అవునుగాని, మన ఇంట్లో 'ఎవరు చేశారిది' అని ఆయన అడగ్గా విన్నావా నువ్వు?"

కోడలు గులాబీరంగు చొక్కా గుర్తు తెచ్చుకుంది. వేలాడుతున్న స్తంభం గుర్తు తెచ్చుకుంది. ఈ రెండు నెలల్లో ఆ మాట ఆయన నోట ఒక్కసారి కూడా వినలేదు. అంత మంచి మనిషికి మతి లేదనుకున్నందుకు సిగ్గేసింది.

"మరి ఇవాళ అలాగే ఉండాలని అనలేదేం, అత్తయ్యా?"

"ఆ మేస్త్రి దానికి లొంగే రకమా? అందుకని ఎన్నడూ వాడని మాట బయటికి తీశారు. నా గుండె ఆగినంత పనైంది."

ఇంటి మెట్ల దగ్గరికి వచ్చాక చెప్పులు విడవబోతూ అత్తగారు ఆగిపోయింది.

"ఇదేంటే అమ్మాయ్! ఒక కాలికి నీది, ఒక కాలికి నాది వేసుకొచ్చావా? హాలంతా అలాగే తిరిగావా?"

కోడలు కిందికి చూసుకుంది. పొద్దున కంగారులో ఏది ఏదో చూసుకోలేదు. 'సారీ' నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే మింగేసి, తల మెల్లగా ఎడమ పక్కకి వంచింది.

"అలాగే ఉండాలి, అత్తయ్యా."

మెట్ల మీద మాస్టారు గిరుక్కున వెనక్కి తిరిగారు. ఓడ చేతిలోంచి జారబోయి ఆగింది. అత్తగారు ఏదో అనబోయి, ఎందుకైనా మంచిదని తన పాదాల వంక చూసుకుంది. మిగిలిన ఆ రెండు చెప్పులూ ఆవిడ కాళ్లకే ఉన్నాయి.