లేవి శుక్రవారాలు

బద్వేలులో మా నాయన నాగసుబ్బయ్య పెట్టిన కిరాణా అంగట్లో, నేను ఒక మూలకు అద్దాల గది కట్టించి ఎస్టీడీ బూత్ పెట్టాను. ఆ ఫోను పుణ్యమా అని మా వీధిలో ఎవరింట్లో ఏ కష్టం ఉందో అడక్కుండానే నాకు తెలిసిపోయేది. అందరిలోకీ నా ప్రాణం తోడేసినవాడు లేవి.

లేవి బేల్దారి. గోడ నిటారుగా కట్టేవాడు గానీ, మనిషి మాత్రం ఒకచోట కుదురుగా నిలబడేవాడు కాదు. కింది వరుస ఆరకముందే పై వరుస ఎత్తబోయి మేస్త్రీ చేత తిట్లు తినేవాడు. పెళ్లి సంగతీ అంతే. సలోమిని పొద్దున చూసి, సాయంత్రానికల్లా వాళ్ల పాస్టరు అయ్యగారి ముందు నిలబడి తేదీ పెట్టమన్నాడట. 'కాస్త ఆగి ప్రార్థన చేసుకో' అని అయ్యగారంటే, 'ఆ ప్రార్థన ఈ రాత్రికి చేసేస్తా' అన్నాడట.

వానలు ముఖం చాటేసిన ఆ ఏళ్లలో ఇల్లు కట్టించే మారాజే లేకుండా పోయాడు. మా వైపు ఆడవాళ్లు కువైటుకు ఇంటిపనికి పోవడం కొత్తేమీ కాదు. మగవాళ్లకంటే వాళ్లకే వీసాలు తొందరగా వచ్చేవి. అట్లా సలోమి పోయింది. పెళ్లాన్ని పంపి తాను నీడన కూర్చున్నాడని వీధిలో ఆడిపోసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ మాట లేవి చెవిన పడకుండా ఉండదు, కానీ నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు.

చిక్కంతా శుక్రవారంతో వచ్చింది. కువైటులో సెలవు శుక్రవారం. సలోమి బయటికి వచ్చి మా అంగడికి ఫోను చేయగలిగేది ఆ రోజే. ఇక్కడ వాళ్ల చర్చిలో ఉపవాస ప్రార్థన కూడా శుక్రవారమే, అదీ సరిగ్గా ఆ వేళకే. ఫోను రావాలని ప్రార్థన చేయాలంటే ఫోను దగ్గర ఉండకూడదు. ఫోను దగ్గర కూర్చుంటే ప్రార్థన లేదు. మొదట్లో లేవి చర్చిలో వెనక వరుసలో, గుమ్మం పక్కనే కూర్చుని, ఒక చెవి అయ్యగారికి, ఇంకో చెవి నాకు ఇచ్చేవాడు. నేను వీధి మలుపుదాకా వచ్చి కేకేస్తే చెప్పులు కూడా మరిచి పరిగెత్తుకొచ్చేవాడు.

రెండువేల మూడులో, శివరాత్రి పోయాక ఫోన్లు ఆగిపోయాయి. తర్వాత కొన్నాళ్లకే యుద్ధం మొదలైంది. టీవీ పెడితే ఇరాకులో మంటలు, కువైటు మీదికి క్షిపణులు. సలోమి పనిచేసే ఇంటికి మా బూత్ నుంచి చేస్తే మోగి మోగి ఆగిపోయేది. పంపిన ఏజెంటు కడపలో ఆఫీసుకు తాళం వేసి కనబడకుండా పోయాడు. లేవి ఇక చర్చికి పోవడం మానేశాడు. శుక్రవారం పొద్దున్నే వచ్చి ఉప్పు బస్తా మీద కూర్చుని, ఫోన్ని అప్పుతీర్చనివాణ్ణి చూసినట్లు చూసేవాడు.

కాసేపు కూర్చునేవాడు, లేచి రిసీవరు ఎత్తి చెవిన పెట్టుకునేవాడు.

"లైను ఉండాది లేప్పా" అన్నాను ఒకసారి. "నువ్వు ఎత్తి చూస్తాండే గడియలోనే ఆయమ్మ చేసిందనుకో. ఎంగేజి వస్తాది గదా?"

నిప్పు తగిలినట్లు రిసీవరు పెట్టేశాడు. ఆ తర్వాత దాన్ని ఎత్తలేదు, కానీ చేతులు ఊరుకునేవి కావు. ఉప్పు బస్తా కుట్టు దారం లాగి లాగి ఊడదీసేవాడు. అన్నం తిన్నావా అంటే ఉపవాసం అనేవాడు. ఉపవాసం ఉన్నవాడు చర్చి గుళ్లో ఉండాలి గదా అంటే, మళ్లీ బస్తా దారం లాగేవాడు.

ఈస్టరు దగ్గరపడింది. మట్టల ఆదివారానికి ముందొచ్చిన శుక్రవారం నా ఓపిక తెగింది. ఒక వ్యాపారి బూత్‌లో నిలబడి ప్రొద్దుటూరుతో శెనక్కాయల ధర గురించి తీరుబడిగా మాట్లాడుతున్నాడు. లేవి తలుపు తీసి, అతని చేతిలోని రిసీవరు లాక్కుని పెట్టేశాడు.

"నా గిరాకీని తరిమేదానికి నువ్వెవరప్పా?" అని కేకలేశాను. "ఆలస్యం అమృతం విషం అని మాకూ తెలుసు. అట్లని పరాయివాళ్ల ఫోను కోసేస్తావా?"

ఆ సమయానికి వాళ్ల సంఘపెద్ద గాబ్రియేలు అటుగా చర్చికి పోతున్నాడు. గంట కొట్టేదీ, చాపలు పరిచేదీ ఆయనే. కేకలు విని మెట్టెక్కాడు.

"ఫోను కాడ కావలి కూర్చుంటే వస్తాదా నాయనా? దేవుని గడియ దేవునికి తెలుసు" అన్నాడు.

"ఆయనకు తెలుసు పెద్దాయనా. నాకు తెలీదు గదా. పెండ్లాం నాది."

"జబ్బుపడిన స్నేహితుని ఇంటికి ప్రభువు కబురు అందిన వెంటనే పోయినాడా? సమాధిలో పెట్టినాక గదా పోయింది. పోయి, చచ్చినోణ్ణి లేపినాడు."

"నాకు చచ్చినాక లేపేది వద్దు" అన్నాడు లేవి. "చావకముందే కాపాడితే చాలు."

గాబ్రియేలు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఈ మాటే ఆయనతో చెప్పు, పద. నాతో చెబితే ఏమొస్తాది?"

లేవి మెట్టు దిగాడు. మలుపుదాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చాడు. "అన్నా, ఒకవేళ వస్తే..."

"వస్తే నేనే పరిగెత్తుకుంటా వస్తాలే, పో" అన్నాను. నిజం చెప్పాలంటే అతను పోతే చాలనిపించింది.

చర్చి గంట మోగి ఎంతోసేపు కాలేదు. ఫోను మోగింది. ఎత్తితే దూరపు గరగర, దాంట్లోనుంచి సలోమి గొంతు.

"వాసుదేవన్నా, నేను బాగుండా. యుద్ధమని మా ఇంటోళ్లు సౌదీలో చుట్టాల ఊరికి పిల్చుకపోయినారు. ఈడ ఫోను ముట్టుకోనీరు. ఒక కేరళ అక్క రెండు మాటలు మాట్లాడుకోమని ఇచ్చింది. ఆయన ఉన్నాడా?"

"గుడికి పోయినాడమ్మా. లైన్లో ఉండు, పిల్చుకొస్తా."

"గుళ్లో ఉన్నాడా? నిజంగానా?" ఆమె ఏడ్చింది, కానీ అది దుఃఖం కాదు. "లేపొద్దన్నా. ఈడ మాకు గుడి లేదు, పాట లేదు. శుక్రవారం ఆయన ఆడ మోకరిస్తే నేనూ పక్కన ఉన్నట్లే అనుకుంటా. ప్రార్థన అయినాక చెప్పు. మాటియ్యన్నా."

మాట ఇచ్చాను. లైను తెగింది.

అంగడి మా ఆవిడ పద్మప్రియకు అప్పగించి పరిగెత్తాను. చర్చి గుమ్మం ముందు, విప్పిన చెప్పుల మధ్య ఆగిపోయాను. నేనెప్పుడూ లోపలికి పోయినవాణ్ణి కాదు. అందరూ మోకాళ్ల మీద ఉన్నారు, ఎవరికి వాళ్లు గట్టిగా ప్రార్థిస్తున్నారు. లేవి వెనక వరుసలోనే ఉన్నాడు. చెయ్యి చాస్తే వీపు తగులుతుంది.

"బతికుండాదో లేదో అదొక్కటి చెప్పయ్యా" అంటున్నాడు. "ఎన్నాళ్లయ్యా? వింటాండావా అసలు?"

నా నోట్లో జవాబు ఉంది. బతికుంది, బాగుంది. రెండు మాటలు. వంగి చెవిలో చెబితే అయిపోతుంది. ఒకసారి వంగాను కూడా. సలోమికి ఇచ్చిన మాట గుర్తొచ్చి లేచాను. ఓర్చినమ్మకు తేటనీరు అని మా అమ్మ అంటుంటే విన్నాను గానీ, ఇంకొకరి కోసం ఓర్చుకోవడం ఇంత కష్టమని ఆ సామెతలో లేదు. అతను నుదురు చాపకు ఆనించి నలిగిపోతుంటే, కింద చెప్పులు చూస్తూ నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది. లోపలికి పోయి అందరి నోళ్లూ మూయించి, గట్టిగా చెప్పేయాలనిపించింది.

చాలాసేపటికి లేవి గొంతు తగ్గింది. అడిగి అడిగి అలసిపోయినట్లుంది.

"సరే, నాకు చెప్పకపోయినా పర్వాలేదు" అన్నాడు. "నువ్వు మాత్రం ఆమె దగ్గర ఉండు. ఆమె అన్నం తిన్నదో లేదో చూసుకో. నేను ఈడనే ఉంటా."

అయ్యగారు ముగింపు ప్రార్థన చేసేదాకా అట్లాగే మోకాళ్ల మీద ఉన్నాడు.

బయటికొస్తూ నన్ను చూశాడు. అంగడి వదిలి రాని శెట్టి చర్చి ముందు నిలబడ్డాడంటే ఎవరికైనా చెడ్డ ఊహే వస్తుంది. గుమ్మం పట్టుకుని కూలబడ్డాడు. "పోయిందా అన్నా?" అన్నాడు.

"అయ్యో, కాదప్పా! ఫోను చేసింది. సౌదీలో ఉండాది, శానా బాగుండాది." ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను.

ముఖం చేతుల్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. గాబ్రియేలు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేవి తలెత్తాడు.

"ఎప్పుడు చేసింది?"

"నువ్వు లోపలికొచ్చిన కాసేపటికే."

"అప్పట్నుంచి నువ్వు ఈడనే ఉంటివా?"

"ఉంటిని."

"నేను ఏడుస్తాంటే వింటానే ఉంటివా? తెలిసీ?"

"వింటానే ఉంటిని. తెలిసీ."

లేవి లేచి నా చొక్కా పట్టుకున్నాడు. "ఒక్క మాట చెప్పేదానికి నీకు నోరు రాలేదా?" అని అరిచాడు. "అంత దగ్గర నిలబడుకోని?"

పట్టిన పట్టు మెల్లగా సడలింది. అతను వెనక్కి తిరిగి, ఖాళీ అయిన చర్చి లోపలికి చూశాడు. "ఆయన కూడా నీ మాదిరే వింటానే ఉన్నాడా, తెలిసీ?" అన్నాడు. కోపం పూర్తిగా తగ్గకుండానే మళ్లీ లోపలికి పోయి మోకరించాడు. ఈసారి ఏమీ అడగలేదు.