పాలు చల్లారేదాకా

మా పాలాయన పోయాడు. మూడు రోజులు పాలు రాలేదు. నాలుగో ఉదయం అతని కోడలు సైకిలు నడిపించుకుంటూ వచ్చి, "మా మావ ఎలిపోనాడమ్మగారూ. గుండెనొప్పి," అంది. కేను తెచ్చింది. "మీకు ఎచ్చగా ఇమ్మనీవోడు," అంది. మైల ఇంటి పాలు తీసుకోకూడదంటారు. నేను గిన్నె పట్టాను.

ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో మా అబ్బాయి క్వార్టరుకు అతను పక్క ఊరు సాలువా నుంచి పద్దెనిమిదేళ్ల నాలుగు నెలలు పాలు తెచ్చాడు. బెల్లు రెండుసార్లే కొట్టేవాడు. కొలిచి పోశాక, కేను అంచు తువ్వాలుతో తుడిచి, ఇంకో గుక్కెడు వంచి "ఇది పాపకి" అనేవాడు. పాప అంటే నా మనవరాలు. అది కాలేజీలో చేరాక కూడా అదే మాట.

నేను రైల్వే పిల్లల బడిలో సైన్సు చెప్పినదాన్ని. ల్యాక్టోమీటరు ముంచి చూడందే పాలు పొయ్యి మీద పెట్టేదాన్ని కాదు. పాలు మంచివైతే ఆ గాజు గొట్టం గీత దగ్గర తేలుతుంది. నీళ్లు కలిస్తే సాంద్రత తగ్గి, లోతుకు దిగుతుంది. మొదటి ఏడాదే ఒకసారి, పాపకు ఒంట్లో బాగాలేదని అతను పితికిన పాలు పితికినట్టే పట్టుకొచ్చాడు. గొట్టం గీత దాటి దిగిపోయింది.

"చంటిదాని పాలలో నీళ్లు పోస్తావా?" వరండాలో నలుగురూ వినేలా అడిగాను.

"నానేటీ కలపనేదమ్మా. పితికి తిన్నగా సైకిలెక్కినాను. కాసేపు సల్లారనీయండి, అదే లెగుస్తాది."

"నాకే పాఠం చెబుతావా?"

అతను తల దించుకుని వెళ్లిపోయాడు. పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడ మర్నాటి నుంచి అతని పాలు మానేసింది.

అతని మాట తప్పని రుజువు చూపిద్దామని ఆ పూటే నేను ఒక గ్లాసు పాలు పక్కన పెట్టాను. మా అబ్బాయి స్నానం చేసి వచ్చేసరికి అవి చల్లారాయి. ముంచితే గొట్టం సరిగ్గా గీత దగ్గర నిలిచింది. వేడి మీద పాల సాంద్రత తగ్గుతుంది. బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో ఆ మాట!

"మరి అతనితో చెబుతావా అమ్మా?" అన్నాడు అబ్బాయి.

చెప్పలేదు. పక్కింటికీ వెళ్లలేదు. మర్నాడు అతనే అడిగాడు: "గాజుబుడ్డి ఏదమ్మా, ముంచరా?"

"పగిలింది," అన్నాను.

"పోన్లెండి, దానికీ నాకూ పడనేదు," అని నవ్వి, పాపకి ఇంకో గుక్కెడు వంచాడు. నా జీవితంలో అంత తేలిగ్గా నన్ను ఎవరూ వదిలిపెట్టలేదు. ఆ బెంగాలీ ఆవిడ ఇల్లు మాత్రం అతనికి మళ్లీ దక్కలేదు.

అతని కోడలు వెళ్లాక, బీరువాలో చీరల అడుగున దాచిన ల్యాక్టోమీటరు తీశాను. వెచ్చటి పాలు పొడవాటి గ్లాసులో పోసి ముంచాను. గీత దాటి దిగింది. స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాను. వర్క్‌షాపు సైరను మోగి ఆగింది. కంటికి తెలియనంత మెల్లగా గొట్టం పైకి వచ్చి, గీత దగ్గర నిలిచింది. గ్లాసు మీద చేయి పెట్టాను. చల్లారిపోయింది.