మెట్ల కింద ఫ్యూజు

నా కళ్లజోడు ఎడమవైపు దిగిపోతుంది. నెహ్రూ నగర్‌లో కళ్లజోళ్ల దుకాణాయన మూడుసార్లు కాడలు వంచి చూశాడు. నాలుగోసారి, తేడా జోడులో లేదు భయ్యా, మొహంలో ఉందన్నాడు. నిజమే. పోయిన మే నెల దాకా నా కనుబొమలు రెండూ ఒకే ఎత్తులో ఉండేవి.

ఆ వేసవికి కాస్త ముందే కరెంటు కారు కొన్నాను. దేశమంతా ఇలాంటివే కొంటే కరెంటు సరిపోతుందా అని ఆఫీసులో ఎవరైనా అడిగితే, బ్రహ్మాండంగా సరిపోతుందని అరగంట వాదించేవాణ్ని. దేశం విషయంలో ఇప్పటికీ నాదదే మాట. మా మెట్ల కింది ఫ్యూజు బోర్డును మాత్రం అడిగి చూడలేదు.

మాది మరోదాలో ఉక్కు ప్లాంటువాళ్ల ఆరిళ్ల పాత క్వార్టర్ల బ్లాకు. ఆరిళ్లకీ ఫ్యూజు ఒకటే కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నాలు ఇస్త్రీపెట్టె, నీళ్ల మోటారు వంతులవారీగా వేసుకుంటాం. వంతులు మెట్ల గోడమీద సుద్దతో రాసి ఉంటాయి. రాత్రి డ్యూటీ చేసొచ్చినవాళ్లు పగలు పడుకోవాలి, వాళ్ల కూలర్లు ఆగకూడదు. ఉన్న నియమం అదొక్కటే. ఆ జాబితాలో కారు లేదు. లేదు కాబట్టి దానికి వంతు అక్కర్లేదని అర్థం చేసుకున్నాను. చదువుకున్నవాణ్ని కదా.

సాయంత్రం డ్యూటీకి వెళ్లేముందు, మధ్యాహ్నం కారు ఛార్జింగుకి తగిలించేవాణ్ని. తగిలించినప్పుడల్లా ఫ్యూజు పోయేది. పై ఇంట్లో ఉండే ఆయన, నేను మావయ్యా అని పిలిచే మనిషి, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేస్తాడు. మే నెలలో ఒక వారమంతా ఆయనకి రాత్రి డ్యూటీలే. మూడు రోజులు నిద్రమధ్యలో కూలరాగిపోయి, చెమటలతో కిందికొచ్చి మర్యాదగా చెప్పి వెళ్లాడు. మూడోరోజు మర్యాద కొంచెం తగ్గింది.

మా నాన్న ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా రిటైరయ్యాడు.

"మిల్లులకి కరెంటిచ్చినోణ్ని, నీ బండికివ్వలేనేటిరా?" అని నాలుగోరోజు ఫ్యూజులో లావుపాటి రాగితీగ చుట్టేశాడు. ప్లాంటులో ఆ పని చేస్తే ఆయనే ఎవర్నైనా సస్పెండ్ చేయించేవాడు. ఇంట్లో చేశాడు.

కారు తగిలించాను. ఫ్యూజు పోలేదు. దాని బదులు గోడలో కేబులు పోయింది.

బోర్డు పేలి, నల్లటి పొగ మెట్లెక్కింది. నాన్న చేతిమీద వెంట్రుకలు మోచేతిదాకా కాలిపోయాయి. చర్మం కూడా, కొంత. ఆరిళ్ల కూలర్లూ ఒక్కసారే ఆగాయి. మావయ్య లుంగీ ఎగ్గట్టి, ఇనప రాడ్డుతో దిగాడు. ముందు కారు అద్దాలు. తర్వాత దీపాలు. తర్వాత ఛార్జింగు తీగ పట్టి లాగితే సాకెట్టు గోడపెచ్చుతో సహా ఊడొచ్చింది. నేను శాంతంగా మాట్లాడదామని మధ్యకెళ్లాను. రాడ్డు నాకంటే ముందు మాట్లాడింది. కనుబొమ చిట్లి, ఎడమకన్ను రక్తంతో మూసుకుపోయింది. నాన్న కాలిన చేత్తోనే ఆయన గొంతు పట్టి గోడకేసి కొట్టాడు. ఇద్దరూ మెట్లమీద దొర్లారు. మావయ్య పన్నొకటి సుద్ద జాబితా కింద పడి ఉండడం కుడికంటితో చూశాను.

అందరూ కలిసి విడదీశారు. కేబులు మార్చడానికి రెండు రోజులు పడుతుందని ఎవరో ఫోన్‌లో కనుక్కుని చెప్పారు. మావయ్య మూడో మెట్టుమీద కూలబడ్డాడు. రాడ్డు పక్కన పెట్టి, నోట్లో రక్తం ఉమ్మి, నావైపు చూశాడు.

"ఈ రేత్రీ డ్యూటీయేరా నాకు. నిద్దర్లేక ఆ కరిగిన ఇనుము కాడ తూలితే, మీయత్తకి ఎముక కూడా దొరకదు."