ముప్పై తొమ్మిదో పేజీ

రాంప్రసాద్ సేటు ఏ కాగితం చేతికొచ్చినా ముందు కళ్లకద్దుకుంటాడు. వరంగల్‌లో మూడు తరాల మిర్చి వ్యాపారం ఆయనది. ఎండుమిర్చి నుంచి రంగు తీసే టెక్నాలజీ కోసం విదేశీ కంపెనీతో ఒప్పందం చేసుకున్న రోజు, నలభై రెండు పేజీలకూ నాలుగు మూలలా తనే పసుపు అద్దాడు. చదివింది మాత్రం లేదు. వాళ్లు చెప్పిన పద్ధతిలో ఒక్క డ్రమ్ము రంగు కూడా సరిగా దిగలేదు. ఆర్నెల్లకే ఫ్యాక్టరీ మూతపడింది. కూలి మనిషి పూలమ్మ రోజూ గేటు దగ్గర నిలబడి అడుగుతుంది: "సేటూ, రేపన్న పనున్నదా?"

దావా వేద్దామని ఇవాళ హనుమకొండలో వకీలు శోభారాణి ముందు కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, గోళ్లలో వదలని మిర్చి ఎరుపు. ఆమె ఫైలు తిరగేస్తూ ఒకచోట ఆగింది.

"ఈడ కేసు నడవది రాంప్రసాద్ గారూ. పంచాయితీ ఏమొచ్చినా సింగపూర్‌ల మధ్యవర్తులు తేల్చే ఆర్బిట్రేషనే, అక్కడి చట్టమే. మీరే ఒప్పుకున్నరు."

"మిర్చి ఈడిది, మిషన్లు ఈడనే ఉన్నయ్. సింగపూర్‌ల నా గోస ఎవరింటరు మేడం?"

ఆమె ముప్పై తొమ్మిదో పేజీని ఆయన వైపు తిప్పింది. కింద ఆయన సంతకం, నాలుగు మూలలా ఎండిన పసుపు. సేటు ఆ పసుపును వేలితో తడిమాడు. తర్వాత ఫైలు మూసి, అలవాటు కొద్దీ కళ్లకద్దుకున్నాడు.