కొలాబ్‌లో రెండోసారి పడవెక్కిన వైనం

ఒడిశాలో రాయగడ పక్కనున్న జేకేపూర్ మిల్లు కాలనీలో నన్నెరిగిన వాళ్లందరి ఫోన్లలోనూ ఒక వీడియో ఉంది. అందులో నేను తడిసిన బట్టలతో పడవ అంచు మీంచి వంగి, నీళ్లలో ఉన్న మనిషికి చెయ్యందించి పైకి లాగుతుంటాను. దాన్ని చూసి కాలనీలోని తెలుగువాళ్లు నాకు సన్మానం చేసి శాలువా కప్పారు. నేను మైకు పట్టుకుని, "మాది సముద్రం వైపు ఊరండీ, నీళ్లంటే మాకు భయముండదు" అని నాలుగు ముక్కలు మాట్లాడాను కూడా. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న మా ఆవిడ పద్మ మాత్రం కొట్టలేదు.

ఆ వీడియోకి కాస్త ముందు ఏం జరిగిందో పద్మకు తెలుసు. ఆవిడ కూడా ఆ నీళ్లలోనే పడింది.

జరిగింది ఇదీ. చలికాలంలో మేమిద్దరం సెమిలిగుడలో ఉన్న నా బావమరిది రమణ ఇంటికి వెళ్లాం. ముగ్గురం కలిసి కొలాబ్ జలాశయం చూడబోయి, ఒడ్డున వల సర్దుకుంటున్న సోంబారు అనే జాలరిని బతిమాలి అతని చేపల పడవ ఎక్కాం. పడవంటే పెద్దదేం కాదు, సన్నపాటి దోనె. ఒడ్డుకి బాగా దూరం వెళ్లాక, మా వైపు జాలర్లు తెప్ప మీద నిలబడి తెడ్డెలా వేస్తారో చూపిస్తానని నేను లేచి నిలబడ్డాను. నిజానికి మా ఊరి నుంచి సముద్రానికి బస్సులో గంట ప్రయాణం. తెప్పను నేను ఒడ్డు మీద ఆరబెట్టి ఉండగా చూశానంతే. మరుక్షణం నలుగురం నీళ్లలో ఉన్నాం.

ఒడ్డునున్న పల్లెవాళ్లు చేతిలో పనులు వదిలేసి, రెండు దోనెల్ని పక్కపక్కన పెట్టి వెదురు బొంగులతో కట్టి తోసుకుంటూ వచ్చారు. అలా జతకడితే మునిగేవాళ్లు అంచు పట్టుకుని వేలాడినా పడవ తిరగబడదు. వాళ్లలో సుక్రి అనే ఆవిడ ముందు పద్మను పైకి లాగింది. తర్వాత నన్ను బనీను పట్టుకుని గోనెబస్తాను లాగినట్టు లాగింది. ఊపిరి అందాక నేను రమణకు చెయ్యందించాను. సరిగ్గా అప్పుడే ఒడ్డున పిక్నిక్‌కి వచ్చినవాళ్లెవరో ఫోను తీశారు. ఆ మాత్రం సాయానికే శాలువా వచ్చింది. సుక్రి చెయ్యి మాత్రం వీడియోలో నా వెనక ఓ మూల కనిపిస్తుంది.

ఇక ఈ ప్రయాణం సంగతి. మొన్న ఒక రోజు రమణ ఫోన్ చేశాడు.

"బావా, ఆ సోంబారు పడవ అప్పట్నుంచీ ఒడ్డునే బోర్లించేసి ఉందట. నీళ్లలో దింపనివ్వట్లేదట. ఆదివారం పల్లోళ్లందరూ కూకుని దాని సంగతి తేలుస్తారట."

"సస్పెండ్ చేశారన్నమాట" అన్నాను. ఇన్నేళ్లు మిల్లులో ఉద్యోగం చేసిన బుర్ర మరింకెలా ఆలోచిస్తుంది? నా తప్పుకి అతని మీద విచారణ. అతనికున్నది ఆ పడవ ఒక్కటే.

పద్మ పక్కనుంచి అంతా విన్నది. "ఆదివారం ఎల్లి సెప్పీండి" అంది.

"ఏటని?"

"ఏటి జరిగిందో అదే. నానూ వస్తాను. మీరు మళ్లీ మైకు పట్టుకుంటే లాగీడానికి ఒకరుండాల కదా. ఆ శాలువా కూడా సంచీలో పెట్టుకోండి."

శనివారం పొద్దున్న ఏడింటికే రాయగడ స్టేషన్‌కి చేరాం. ఈ దారిన వెళ్లాలనుకునే వాళ్లకి ఒక మాట. బండి వేళ ముందే కనుక్కుని వెళ్లండి. మేము కనుక్కోలేదు. ఎనిమిదిన్నర దాకా ప్లాట్‌ఫారం మీద బరా, ఘుగుని తింటూ కూర్చున్నాం. బరా అంటే మన గారె, ఘుగుని అంటే బఠాణీ కూర. కారం మనకి చాలదు గానీ ఆకుదొప్పలో వేడివేడిగా పోస్తే ఎవరు కాదంటారు? జనరల్ టికెట్టుకి పెద్ద ఖర్చేం లేదు. సీటు మాత్రం ఎవరి బలం కొద్దీ వారికి.

మాకు నా బలంతో కాదు, కీర్తితో దొరికింది. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషి నన్ను చూసి లేచి నిలబడ్డారు. కొల్నారలో బట్టల కొట్టున్న నాయుడుగారు. దుప్పట్లు, లుంగీలు మూటకట్టుకుని కొరాపుట్ ఆదివారం సంతకి వెళ్తున్నారు.

"మీరే కదండీ, పడవ ములిగిపోతే జనాన్ని పైకి లాగినోరు! మా మనవడు సూపించేడు. రండి రండి, కిటికీ కాడ కూకోండి."

నేను కూర్చున్నాను. ఏదో చెప్పబోయాననే గుర్తు. ఈలోగా బండి కదిలింది, గాలి హాయిగా తగిలింది. పద్మ నా మోకాలు మీద మోకాలితో ఒక్క పోటు పొడిచింది.

టికిరి దాటాక కొండలు దగ్గరికొస్తాయి. ఒక సొరంగంలోంచి బయటపడి లోయని చూద్దామనేలోపు ఇంకో సొరంగం. వంతెన మీద బండి వంపు తిరుగుతుంటే మన ఇంజను మనకే కనిపిస్తుంది. లక్ష్మీపూర్ దగ్గర ఆడవాళ్లు అనాసపళ్ల గంపలతో ఎక్కి, దారి మధ్యలోనే కూర్చున్నారు. నాయుడుగారు నాకు కాయ ఒలిచి ఇప్పించి, డబ్బులివ్వనివ్వలేదు. ప్రతి సొరంగంలోనూ చీకట్లో 'ఇప్పుడు చెప్పేస్తాను' అనుకోవడం, వెలుగు రాగానే అనాసముక్క నోట్లో పెట్టుకోవడం. ఆ లైన్లో సొరంగాలు చాలానే ఉన్నాయి.

మధ్యాహ్నం రెండు దాటాక కొరాపుట్‌లో దిగి బస్టాండుకి ఆటోలో పోయి, సెమిలిగుడ బస్సెక్కాం. కూడలిలో లారీల మధ్య బస్సు ఆగింది. రమణ నన్ను చూడగానే, "ఏటి బావా, హీరోలు కూడా బస్సులోనే వస్తారేటి?" అన్నాడు. వాళ్లింట్లో ఆ రాత్రి ఎండుచేపల పులుసు. నిద్ర పట్టలేదు, పులుసు వల్ల కాదు. మంచం మీద పడుకుని మర్నాడు చెప్పాల్సింది లోలోపల వల్లెవేసుకున్నాను. 'పైన పేర్కొన్న సంఘటనకు పూర్తి బాధ్యత నాదే అని మనవి చేసుకుంటున్నాను...' మెమోకి జవాబు రాసినట్టే వచ్చింది. నాకు క్షమాపణ చెప్పడానికి తెలిసిన భాష అదొక్కటే.

ఆదివారం తొమ్మిదింటికి రమణ మమ్మల్ని తెలిసినవాళ్ల జీపులో జలాశయం ఒడ్డుకి తీసుకెళ్లాడు. బోర్లించిన పడవ చుట్టూ ఓ ఇరవై మంది కూర్చుని ఉన్నారు. పడవ మీద ఒక మేక నిలబడి ఉంది. సోంబారు మమ్మల్ని చూసి చేతులు జోడించాడు. తిడతాడనుకున్నవాడు దణ్ణం పెట్టేసరికి, వల్లెవేసిందంతా మర్చిపోయాను.

ఎలాగో కూడదీసుకుని చెప్పాను. తప్పు నాదని, నేను లేచి నిలబడ్డం వల్లే పడవ బోల్తా కొట్టిందని, సోంబారుని శిక్షించొద్దని. రమణ దాన్ని అక్కడి దేశియా మాటల్లోకి మార్చాడు. అంతే, ఒక మూల మొదలైన నవ్వు అందరికీ పాకింది. సుక్రి కళ్లు తుడుచుకుంటూ ఏదో అంది.

"ఏటంటోంది రమణా?"

రమణ నసిగాడు. "నువ్వు నిలబడ్డం పల్లంతా సూసిందట బావా. దాని కోసం ఇంత దూరం రావాలా అంటోంది. ఈ మేక కూడా సూసిందట."

"మరి పడవెందుకు బోర్లించారు? శిక్ష కాదా?"

ఈసారి సోంబారు చెప్పాడు. నిదానంగా, నాక్కూడా అర్థమవ్వాలని చేతులతో చూపిస్తూ. మనుషుల్ని నీళ్లలో పడేసిన పడవని ఊరికే మళ్లీ నీళ్లలో దింపరట. పడినవాళ్లు తిరిగొచ్చి అదే పడవలో కూర్చుని, ఓ చుట్టు తిరిగి, తమ కాళ్ల మీద తాము ఒడ్డు దిగాలట. లేకపోతే వాళ్ల భయం పడవలోనే ఉండిపోతుందట. శిక్షా కాదు, విచారణా కాదు. వాళ్లు ఇన్నాళ్లూ మా కోసం ఎదురుచూశారు. మేము రాలేదు. ఇక రారనుకుని, పడవని విరగ్గొట్టి పొయ్యిలోకి వాడేయాలా అన్నది తేల్చుకోడానికి ఆ రోజు కూర్చున్నారు. ఈలోగా సోంబారు వాళ్ల పడవల్లో వీళ్ల పడవల్లో కూలికి పోతున్నాడు.

"మరి మాకు కబురు పెట్టొచ్చుగా!" అన్నాను.

సుక్రి తల అడ్డంగా ఊపింది. రమణ చెప్పాడు: "బయపడ్డోణ్ణి పిలవకూడదట బావా. ఆడంతటాడే రావాలట."

ఒక్కసారి అవతలున్న నీళ్లకేసి చూశాను. ఇంత దూరం నేను మాట్లాడ్డానికి వచ్చాను. మాట్లాడ్డం నాకు బాగా వచ్చు. పడవెక్కమంటారని ఎవరనుకున్నారు? కాస్త తెలివి ఉపయోగించి, "మా ముగ్గురి తరపునా రమణ ఒక్కడు ఎక్కితే చాలదా?" అని అడిగాను. రమణ దాన్ని అనువదించలేదు.

"నువ్వు నిలబడ్డావు, నాను కూకోవాలేటి?" అన్నాడంతే.

పద్మ అప్పటికే చీర కుచ్చిళ్లు బిగించి దోపుకుంది. మగవాళ్లు మేకని దించి, పడవని తిరగేసి నీళ్లలోకి తోశారు. ఎండకి బీటలిచ్చిన చోట కాస్త నీరు ఊరి, లోపల చెక్కంతా తడిసింది. ఆ హడావిడిలో నేను సంచీలోంచి శాలువా తీసి, రెండు చేతులతో సుక్రికి ఇవ్వబోయాను. ఇది నీకే చెందాలి అన్నాను. ఆవిడ బొటనవేలితో దాన్ని నలిపి చూసి, జరీ అంచుని గోటితో గీకి, చలికి ఆగదని తేల్చేసింది. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి, పద్మ తడవకుండా తడిచెక్క మీద పరిచింది. పద్మ నా సన్మానం మీద సుఖంగా కూర్చుంది.

నేనెక్కాను. ఎక్కానంటే రెండు చేతులతో అంచులు పట్టుకుని కోతి చెట్టు దిగినట్టు దిగాను. ఎదురుగా రమణ. వెనక తెడ్డుతో సోంబారు. పక్కనే ఇంకో దోనెలో సుక్రి, ఇంకో ఆవిడా వచ్చారు. మొదటి కుదుపుకే నా నోట్లోంచి వచ్చిన కేకకి ఒడ్డునున్న మేక కూడా తలెత్తి చూసింది.

"కూకోండి," అంది పద్మ.

"కూకునే ఉన్నాను కదా!"

"అలాగే ఉండండి."

నీళ్లు నల్లగా, చల్లగా పడవ పక్కనుంచి జారిపోతున్నాయి. పోయినసారి ఈ నీళ్లలో పద్మ తల మునగడం చూసిన క్షణం గుర్తొచ్చింది. దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు. సన్మానంలో అన్ని మాటలు మాట్లాడానా, ఆ ఒక్క మాట మాత్రం లేదు. అప్పుడు నేను ఎవర్నీ రక్షించే స్థితిలో లేను. చేతులు కొట్టుకుంటూ, ఆవిడ పేరు అరుస్తూ, నీళ్లు మింగుతూ ఉన్నాను. సుక్రి చెయ్యి ఒక్క అర నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదో. నేను చెయ్యి చాపి పద్మ కొంగు పట్టుకున్నాను. ఆవిడ విదిలించలేదు.

మేము పడిన చోటికి వచ్చాక సోంబారు తెడ్డు ఆపాడు. పడవ నిలిచింది. అతను చాలా మర్యాదగా ఏదో అడిగాడు.

రమణ ముఖం బిగపట్టుకుని చెప్పాడు. "మీ సముద్రంలో తెప్ప మీద ఎలా నిలబడతారో ఇంకోసారి సూపిస్తారా బాబూ, అంటున్నాడు."

పక్క దోనెలో ఆడవాళ్లు పగలబడి నవ్వారు. పద్మ ఇంకా గట్టిగా నవ్వింది. నేను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. అంటే అంచులు వదిలేశానన్నమాట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఒడ్డుకి రాగానే ఎవరూ చెయ్యందివ్వలేదు. అది వాళ్ల పద్ధతి. ఒక్కొక్కరమే దిగాం. సోంబారు ఇంకేం మాట్లాడకుండా వల పడవలో వేసుకుని, అటునుంచి అటే నీళ్లలోకి వెళ్లిపోయాడు. మేము ఇంకా ఒడ్డున తడిసిన బట్టల అంచులు పిండుకుంటూనే ఉన్నాం. సుక్రి మాకు మాండియా పేజ్ పోసింది. మన చోడి, అంటే రాగి అంబలే, కాస్త పులిసింది. పోయినసారి ఇస్తే, హోటల్లో తింటామని చెప్పి వచ్చేశాం. ఈసారి నేను రెండు దొప్పలు తాగాను. శాలువా తడిసి పడవలోనే ఉండిపోయింది. పడవలో ఊరే నీళ్లు తోడుకోడానికో తుడుచుకోడానికో పనికొస్తుంది.

సాయంత్రం కొరాపుట్‌లో బండెక్కేసరికి సంత నుంచి వచ్చే జనంతో పెట్టె కిక్కిరిసి ఉంది. ఆ గుంపులోంచి ఎవరో గట్టిగా పిలిచారు. నాయుడుగారు. దుప్పట్లన్నీ అమ్ముడుపోయినట్టున్నాయి, మంచి హుషారుగా ఉన్నారు. పక్కవాణ్ణి లేపి మరీ కిటికీ దగ్గర చోటు చేశారు.

"ఈయనెవరనుకున్నావు? పడవ ములిగిపోతే..."

"నాయుడుగారూ," అన్నాను. దగ్గర్లో సొరంగం కూడా లేదు. "ఆ పడవ ముంచింది నేనేనండీ. నన్ను సుక్రి అనే ఆవిడ లాగింది. మా బావమరిదికి నేను చెయ్యి ఇచ్చానంతే."

మొదట నమ్మలేదు. మొత్తం చెప్పాను, మేకతో సహా. ఆయన పూర్తిగా విని, పద్మ వైపు చూశారు. పద్మ తలూపింది.

"అయితే అమ్మా, నువ్విలా కిటికీ కాడికి రా," అన్నారు నాయుడుగారు. "మీరు ఆ అనాసపళ్ల గంప పక్కన నిలబడండి."

నిలబడ్డాను. బండి కొండ మలుపులు తిరిగినప్పుడల్లా తూలుతుంటే, పద్మ కిటికీ దగ్గర్నుంచి ఒక చేత్తో నా చొక్కా పట్టుకునే ఉంది, రాయగడ దాకా.