కవచం లోపలి నంబరు

మా ఫిట్టరు మావయ్య మొన్న శుక్రవారం పొద్దున్న కన్నుమూశాడు. సొంత మావయ్య కాదు. కలకత్తాకు ఇవతలున్న మా రైల్వే ఊళ్ళో, వర్క్‌షాపులో మా నాన్నతో కలిసి పనిచేసినవాడు. నాకు కబురు చెప్పింది మా నాటక సంఘం కార్యదర్శి. "పెద్దాయన ఎల్లిపోనారమ్మా. ఆదివారం సంతాపసభ పెడతన్నాం, నువ్వూ రెండు ముక్కలు మాటాడాల," అన్నాడు ఫోన్లో. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. నివాళి మెత్తగా రాయాలని తెలుసు. కానీ ఈ కార్యదర్శి ఊసెత్తకుండా మావయ్యను తలుచుకోవడం నావల్ల కాదు.

దసరా నాటకంలో మా యోధులు అట్టకు బంగారు కాగితం అంటించిన కవచాలు తొడుక్కునేవారు. రెండో అంకానికి అవి చెమటకు నాని పొట్ట మీదికి జారేవి. చూసి చూసి విసుగెత్తి, రిటైరయిన మావయ్య ఒక ప్లాస్టిక్ కవచం కిట్టు తెప్పించాడు. పెట్టె విప్పితే తెల్లటి పలకలు: ఛాతీ, వీపు, భుజాలు, ముంజేతులు. అతకడానికి కావలసినవేవీ అందులో లేవు. ఖరిదా పేటలోని ఆయన ఇంటి వరండాలో చాలా ఆదివారాలు కూర్చున్నాం. నాది కుట్టుపని కాబట్టి పట్టీలు నా వంతు.

పట్టీలకు, బకిల్సుకు గోల్‌బజార్‌లో సంచులు బాగుచేసే బెంగాలీ దాదా దగ్గరికి వెళ్ళేవాళ్ళం. మావయ్య ఒక్కో బకిలూ చెవి దగ్గర పెట్టుకుని టక్కుమనిపించి వినేవాడు. పాట వింటున్నారా కాకా అని దాదా బెంగాలీలో ఎగతాళి చేస్తే, "ఠీక్ హై దాదా" అనేసి, నాతో మాత్రం "ఒదులు బకిలు గొంతులోనే తెలిసిపోతాది గుంటా" అనేవాడు. నాకు నలభై దాటినా నేను ఆయనకు గుంటనే, చిన్నపిల్లనే.

మొదటి భుజం పలకకు రివెట్టు కొట్టినప్పుడు, వ్యాగన్ రేకుకు కొట్టినట్టే కొట్టాడు. రంధ్రం చుట్టూ తెల్లగా చీలింది. "సెయ్యి ఇంకా డ్యూటీలోనే ఉంది," అని తనమీద తనే నవ్వుకున్నాడు. తర్వాత ప్రతి రివెట్టు కిందా పాత సైకిలు ట్యూబు ముక్క గుండ్రంగా కోసి వేశాడు. నేనొక ముంజేతి పలకను తప్పుగా వంచి ఏడుపు ముఖం పెడితే, హీట్ గన్ను తీసి వేడిగాలి పట్టాడు. పలక మెల్లగా తిన్నగా అయింది. "ప్లాస్టిక్కు మరిసిపోదే. సెగ తగిల్తే ఎనకటి రూపానికి ఎల్లిపోతాది," అన్నాడు.

గరుకు కాగితంతో అంచులు రుద్ది, ఇత్తడి రంగు వేశాక చివరి పని ఒకటి మిగిలింది. వర్క్‌షాపులో ఆయన తరం వాళ్ళు చేసిన పనిమీద తమ టికెట్ నంబరు, అంటే హాజరు నంబరు, కొట్టేవారు. ఛాతీ పలక లోపల, ఇనుప అంకెల అచ్చులు ఆనించి చిన్న సుత్తితో, ఆయన తన నంబరు కొట్టాడు. ఆయన దగ్గరున్న ఏడు అచ్చుకు కాలు విరిగింది. అందుకే ఆయన పనిలో ఏడు ఎప్పుడూ కుంటిదే.

ఆ దసరాకు కవచం వేదిక మీద ధగధగలాడింది. కార్యదర్శి మైకు పట్టుకుని, "దీన్ని నేను స్వయంగా కలకత్తా ఎల్లి సేయించినాను," అన్నాడు. ఆ మైకు అతని నోట్లో కుక్కాలనిపించింది. లేవబోతే మావయ్య నా కొంగు లాగాడు. "కూకో. లోపల నా నంబరుంది కదా."

మరుసటేడు పట్టీ తెగితే కవచం నా దగ్గరికి వచ్చింది. తిప్పి చూశాను. నంబరున్న చోట ఎవరో నున్నగా అరగదీశారు. ఇంకెవరికి అవసరం ఆ పని? తీసుకెళ్ళి చూపిస్తే, మావయ్య ఆ చోట బొటనవేలితో చాలాసేపు తడిమాడు. 

"పైది గీకీసినాడు. దెబ్బ లోనుంటాది. సెగ సూపిస్తే పైకొస్తాది," అన్నాడు.

"రేపే సభలో చూపిద్దాం మావయ్యా."

"నానుండగా ఒద్దు. సిగ్గుపడే మనిసి ముకం నాను సూడనేను. తరవాత నీ ఇష్టం."

మావయ్య వెయ్యేళ్ళు బతకాలనీ, ఆ నంబరు చూపించే రోజు తొందరగా రావాలనీ ఒకేసారి కోరుకున్నాను. ఇలాంటిది రాయకూడదేమో. రాశాను.

ఆదివారం పొద్దున్న మావయ్య ఇంటికి వెళ్తే, ఆయన భార్య, మా అత్త, ఏమీ అడక్కుండా ఆయన హీట్ గన్ను నా చేతిలో పెట్టింది. సభలో బల్లమీద ఆయన ఫొటో, పక్కన కవచం. మా నాటకాలంటే పెద్దాయనకు ప్రాణమనీ, ఈ కవచాన్ని ముచ్చటగా చూసేవారనీ కార్యదర్శి గద్గదంగా చెప్పాడు. నా వంతు వచ్చింది.  కవచాన్ని బోర్లా తిప్పి, మైకు పెట్టె తగిలించిన ప్లగ్గుబోర్డులో హీట్ గన్ను వైరు పెట్టి, నున్నగా ఉన్న చోట వేడిగాలి పట్టాను.

"ఏటమ్మా ఇది?" అన్నాడు కార్యదర్శి.

మొదట ఏమీ లేదు. తర్వాత చర్మం మీద దద్దుర్లు లేచినట్టు ఒక్కో అంకే ఉబ్బింది. ముందు వరసలోని పాత వర్క్‌షాపు మనుషులు లేచి బల్ల చుట్టూ చేరారు. ఒకాయన కళ్ళజోడు సర్దుకుని, "ఆడి ఏడంకే ఇది. కుంటిది," అన్నాడు. అందరూ కార్యదర్శి వైపు తిరిగారు. అతను తల దించుకుని తలుపు దాకా నడిచాడు. మావయ్య చూడలేనన్న ఆ ముఖాన్ని నేను ఆయన బదులు కూడా తనివితీరా చూశాను. నాకు జాలి కలగలేదు, ఇది రాస్తున్నప్పుడూ లేదు.

ఆ పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు ఆ నంబరు మీద బొటనవేలు ఆనించి వెళ్ళారు. అది ఇంకా వేడిగానే ఉంది. ఎవరూ వేలు తొందరగా తీయలేదు.